సామాన్యపాఠకుని తీర్పు

వాఙ్మయచరిత్రకారులు పండితుల తీర్పులనే ప్రమాణముగాఁ గొనుచున్నారు. సామాన్యపాఠకుఁడు విమర్శ వ్రాయఁడు. గ్రంథమును మరల నడుగును, లేదా యడుగఁడు. అదియే వాని యభిప్రాయము.

గుంటూరుసీమలో నట్టి పాఠకునికొఱకుఁ గృషి చాలఁ జరిగెను. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వతనికేతనమునకు 1929లో గాంధీమహాత్ముఁడు శంకుస్థాపన మొనర్చెను. 1935లోఁ బాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమఁ గాలువలోఁ బడవపైఁ బుస్తకములఁ బంపిరి. ఇట్టిచోటుల యరువుపట్టికలు శాసనములవలెఁ బరిశోధింపఁదగినవని నా తలంపు.

తెనాలిలో 1926లో జన్మించిన కొమ్మూరి సాంబశివరావుగారి యపరాధపరిశోధకనవలలను మేము బాల్యమునఁ గౌముదిచాటునఁ జదివితిమి. యుగంధరుని కథలలో నపశబ్దములు మెండని గురువుగారు మందలించి పొత్తమును లాగికొనిరి. మూఁడుదినములకుఁ గాని తిరిగి యీయలేదు! తరువాత నేమగునో యను నాతురతయే మాకుఁ గావ్యగుణము.

వైద్యగ్రంథముల తీర్పు వేఱు. యెఱ్ఱ వెంకటస్వామిగారి వస్తుగుణదీపికను మా యింట నెవ్వరును దుదివఱకుఁ జదువలేదు. శొంఠి, మిరియము, వాము గల పుటలు మాత్రము చేతిమరకలతో నల్లనయ్యెను. మిరపకల్లములలోఁ బనిచేసి దగ్గు తెచ్చుకొనిన మా మేనత్త యాయా యోగముల యంచున "ఫలించినది", "ఫలింపలేదు" అని వ్రాయుచుండెడిది. రెండవమాటయే యెక్కువ, అయినను నా పొత్తమును విడువలేదు.

ఆ ప్రతి నొక గ్రంథాలయమున కీయఁబోయితిని. అంచువ్రాఁతలచేఁ జెడినదని వారు పుచ్చుకొనలేదు.