కృష్ణ పదార్థ గామా సంకేతాలు

గురుత్వాకర్షణ ద్వారానే ఇంతవరకు తెలిసిన కృష్ణ పదార్థపు కణాలు జంటలుగా ఢీకొని నశిస్తే గామా కిరణాలు పుట్టవచ్చు. అవి విశ్వం నలుమూలల నుంచి ఎంత మేరకు భూమిని చేరాలో ముందుగా అంచనా కట్టే అధ్యయనమిది. నిర్ధారిత సంకేతం ఇంతవరకు దొరకలేదు. అందువల్ల ఈ రంగంలోని ఫలితాలు చాలావరకు 'ఇంతకు మించి ఉండదు' అనే హద్దులే.

చరిత్ర: తొలి ప్రతిపాదనగా సాధారణంగా 1978లో వెలువడిన రెండు పత్రాలను చెబుతారు. ఒకటి గన్ బృందానిది, మరొకటి స్టెకర్‌ది. గెలాక్సీలన్నిటి వెలుగునూ కలిపి లెక్కించే పద్ధతి 2001లో బెర్గ్‌స్ట్రోమ్, ఎడ్‌స్యో, ఉల్లియోల పత్రంతో స్థిరపడిందనవచ్చు.

లెక్క: కణం ద్రవ్యరాశి, నశించే రేటు, పదార్థం పోగుపడిన తీరు దీనికి ఆధారాలు. తొలి విశ్వం నుంచి మిగిలిన కృష్ణ పదార్థ పరిమాణం నేటి లెక్కకు సరిపోవాలంటే ఆ రేటు సెకనుకు సుమారు 3×10⁻²⁶ ఘన సెంటీమీటర్లు ఉండాలి. వెలుగు సాంద్రత వర్గాన్ని అనుసరిస్తుంది. సాంద్రత పదిరెట్లైతే వెలుగు వందరెట్లు. కాబట్టి కంప్యూటర్ అనుకరణలకు అందని చిన్న చిన్న గుంపులు ఎన్ని ఉన్నాయన్నదే అసలు చిక్కు. దీనివల్ల పాత అంచనాల మధ్య వందరెట్లకు పైగా తేడా ఉండేది; తర్వాత బాగా తగ్గింది. విశ్వ వ్యాకోచం దూరపు కిరణాల శక్తిని తగ్గిస్తుంది. అధిక శక్తి కిరణాలు నక్షత్రకాంతిని ఢీకొని దారిలోనే ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలుగా మారిపోతాయి.

వివాదాలు: 2008 జూన్ 11న ఎగిరిన ఫెర్మీ ఉపగ్రహ సమాచారంలో పాలపుంత కేంద్రం వద్ద అదనపు వెలుగు ఉందని, అది కృష్ణ పదార్థం నశించడం వల్ల కావచ్చని 2009లో గుడెనఫ్, హూపర్ ప్రకటించారు. వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలైన మిల్లీసెకను పల్సార్లే కారణమని మరో వర్గం వాదన. ఆ పల్సార్లు విడివిడిగా కనిపించకపోవడం లోటే. అయినా కొత్త కణాన్ని ఊహించే అవసరం లేకపోవడం, కృష్ణ పదార్థం దండిగా ఉన్న 15 మరుగుజ్జు గెలాక్సీలలో ఫెర్మీకి స్పష్టమైన వెలుగు కనబడకపోవడం (2015) రెండో వాదనకే కాస్త బలమిస్తున్నాయి. 2012లో సంచలనం రేపిన 130 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా రేఖ తర్వాతి పరిశీలనల్లో నిలవలేదు.

తెలుగునాడుతో సంబంధం: లడఖ్‌లోని హాన్లేలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న మేస్ టెలిస్కోపు లక్ష్యాల్లో కృష్ణ పదార్థ అన్వేషణ ఒకటి. భాభా అణు పరిశోధన కేంద్రం కోసం దీన్ని హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. నిర్మించింది. దర్పణం వ్యాసం 21 మీటర్లు, ఫలకాలు 356, కెమెరాలో కాంతిగ్రాహకాలు 1,088. గామా కిరణం వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే చెరెంకోవ్ కాంతిని ఇది పట్టుకుంటుంది. ప్రారంభ సంవత్సరం విషయంలో తేడా కనిపిస్తుంది: తొలి పరిశీలనలు 2021లోవి, అధికారిక ప్రారంభోత్సవం 2024 అక్టోబరు 4న.