మన కొండల్లో పెరిగిన దొరల పిల్లలు: వాళ్ళ సొంతూరు ఏది?

వైజాగ్‌లో ట్రైన్ ఎక్కి, అద్దాల బోగీలోంచి సొరంగాలు చూసుకుంటూ అరకులో దిగిపోతాం కదా. అదే లైన్‌లో ఇంకా ముందుకెళ్తే కోరాపుట్ వస్తుంది. ఇప్పుడది ఒడిశా. కానీ 1936 దాకా ఆ కొండలు కూడా మద్రాస్ ప్రెసిడెన్సీలో, మన విశాఖపట్నం ఏజెన్సీలోనే ఉండేవి. ఇవాళ్టి కథ అక్కడ మొదలవుతుంది.

1882లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ అనే చిన్న ఊరి నుంచి మిషనరీలు ఈ ప్రాంతానికి వచ్చారు. పైన కోరాపుట్, జయపురం, కింద సాలూరు, పార్వతీపురం వాళ్ళ కేంద్రాలయ్యాయి. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా కెనడా బాప్టిస్టులు, పాలమూరు వైపు అమెరికా మెన్నొనైట్లు ఉండేవాళ్ళు. వాళ్ళు కట్టిన బళ్ళు, ఆసుపత్రుల గురించి చాలామంది రాశారు. మరి ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళ పిల్లల సంగతి?

1914లో యుద్ధం మొదలవగానే జర్మన్లందరూ బ్రిటిష్ సర్కారుకి శత్రువులైపోయారు. చాలామంది మగవాళ్ళని అహ్మద్‌నగర్ క్యాంపులో పెట్టారు. 1915-16లో జర్మన్ మిషనరీలని, కుటుంబాలతో సహా, ఓడెక్కించి పంపేశారు. ఆ ఓడ పేరేంటో తెలుసా? గోల్కొండ! ఇక్కడ పుట్టిన పిల్లలకి అది "స్వదేశానికి" ప్రయాణం. కానీ అందులో చాలామంది ఆ స్వదేశాన్ని అంతకుముందు చూసిందే లేదు.

అమెరికా, కెనడా పిల్లలది ఇంకో దారి. 1901లో కొడైకెనాల్‌లో మిషనరీ పిల్లల కోసం ఒక స్కూల్ పెట్టారు. మైదానంలో ఎండలు, జబ్బులు ఎక్కువ, పైగా ఇంగ్లీష్ చదువు కావాలి. అందుకే చిన్నప్పుడే హాస్టల్లో వేసేవాళ్ళు. ఏడాదిలో ఎక్కువ నెలలు అమ్మానాన్నలు ఒకచోట, పిల్లలు ఇంకోచోట. పక్క మంచం మీద పడుకునే ఫ్రెండే అన్న, అక్క, చెల్లి.

ఆ పిల్లల్లో ఒకాయన పాల్ హీబర్ట్. 1932లో షంషాబాద్‌లో పుట్టాడు. అవును, ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ ఉన్న షంషాబాదే! పెద్దయ్యాక ఆంత్రోపాలజిస్ట్ అయ్యి, తిరిగొచ్చి, పాలమూరు జిల్లాలోని కొండూరు అనే పల్లె మీద పరిశోధన చేశాడు. 1971లో ఆ ఊరి పేరుతోనే పుస్తకం వేశాడు.

1950ల్లో రూత్ యూసీమ్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ ఇండియాలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలని గమనించింది. ఇలాంటి పిల్లలకి "థర్డ్ కల్చర్ కిడ్స్" అని పేరొచ్చింది ఆమె వల్లే. అమ్మానాన్నల దేశం ఒకటి, పెరిగిన దేశం ఒకటి, ఈ రెండిటి మధ్య తయారైన మూడో లోకం ఇంకొకటి. ఆ మూడో లోకానికి మ్యాప్‌లో చోటు లేదు. దాని గురించి వివరించక్కర్లేకుండా అర్థమయ్యేది అందులో కలిసి పెరిగిన ఫ్రెండ్స్‌కి మాత్రమే. ముసలితనంలో కూడా వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుంటూ రీయూనియన్లకి వెళ్ళేది అందుకే.

అయితే ఇక్కడొక విషయం ఉంది. ఒకళ్ళనొకళ్ళు దొరకబుచ్చుకోడానికి వాళ్ళకి స్కూల్ రిజిస్టర్లు, ఇయర్‌బుక్‌లు, మిషన్ ఆఫీసుల్లో అడ్రసులు ఉన్నాయి. మరి సెలవులకి ఇంటికొస్తే కాంపౌండ్‌లో వాళ్ళతో ఆడుకున్న వంటమనిషి కొడుకు, ఆయా కూతురు? ఫొటోలో ఉంటారు, కింద పేరుండదు. ముద్దుపేరు ఒక్కటే గుర్తుంటే డెబ్బై ఏళ్ళ తర్వాత ఎక్కడని వెతుకుతారు? స్నేహం రెండు వైపులా ఉంది, రికార్డు మాత్రం ఒక వైపే మిగిలింది.

ఇది పాత కథే అనుకోకండి. ఇవాళ అరకు, పాడేరు ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు చిన్న వయసులోనే ఇల్లు వదిలి ఉంటున్నారు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒరియా లాంటి భాష, బళ్ళో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్. వాళ్ళదీ మూడో లోకమే. దాన్ని పంచుకునేది వాళ్ళ హాస్టల్ ఫ్రెండ్సే. ఫోన్ నంబర్లు మారిపోతాయి, గ్రూపులు మూతబడతాయి. అందుకే ఒక పని చేయండి. మీ ఫ్రెండ్స్ పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ తాతయ్యో, అమ్మమ్మో మిషన్ బళ్ళో చదివుంటే, పాత ఫొటో ముందు పెట్టి, ఎవరెవరో అడిగి వెనకాల పేర్లు రాయండి. చెప్పేవాళ్ళు ఉండగానే.