ఉమ్రావ్ జాన్ నిజంగా ఉందా? చారిత్రక నవల - పాఠకుల స్పందన

మొఘల్‌పురాలోని ఉర్దూ ఘర్ వంటి చోట ‘ఉమ్రావ్ జాన్ అదా’ ప్రస్తావన తెస్తే మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే కావచ్చు. 1899లో వెలువడిన ఈ ఉర్దూ నవలలో లక్నో తవాయిఫ్ ఒకామె తన కథ చెబుతుంది. రచయిత మీర్జా హాదీ రుస్వా తానూ ఒక పాత్రగా ఎదురుగా కూర్చుని వింటాడు. ఈ ఏర్పాటు వల్లనే చాలామంది దీన్ని ఆత్మకథగా చదివారు. (రుస్వా తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ అనువాద విభాగంలో పనిచేసి, 1931లో హైదరాబాదులోనే మరణించాడు.)

ఇలా నమ్మించే నవల ఎవరి జీవితాన్ని తాకుతుందో గమనించండి. 1997లో అమెరికా రచయిత ఆర్థర్ గోల్డెన్ రాసిన గీషా నవలనూ పలువురు నిజమైన జ్ఞాపకాలనుకున్నారు. అతడు కృతజ్ఞతల్లో మినెకో ఇవాసాకి పేరు రాశాడు. పేరు బయటపెట్టనన్న మాట తప్పాడంటూ ఆమె 2001లో దావా వేసింది. 2002లో తన కథ తానే ప్రచురించింది. మరుసటి ఏడు దావా రాజీతో ముగిసింది.

ఉమ్రావ్ అలా వచ్చి ఖండించలేదు. కాబట్టి ఆ నవలను ఆమె జీవితానికి ఆధారంగా కాక, 1857కు ముందరి లక్నోను 1899 నాటి రచయిత ఎలా ఊహించాడన్నదానికి ఆధారంగా చదవడమే సబబు.

హైదరాబాదు తవాయిఫ్ మహ్ లఖా బాయి చందా (1768-1824) విషయం వేరు. ఆమె స్వయంగా రాసిన గజళ్ల దివాన్ ఉంది. 1799లో ఒక ప్రతిని జాన్ మాల్కంకు బహూకరించింది. సమాధి మౌలాలిలో ఉంది. నవల ముగించాక వెళ్లి చూడండి.