బూడిదదిబ్బలవారు



బత్తలపల్లి ప్రాంతమునుండి పడమరగాను వాయవ్యముగాను బోయినచో కల్యాణదుర్గము దిక్కున పాలవాయి, ఉరవకొండ దిక్కున వేల్పుమడుగు అను గ్రామములు గలవు. వాని చెంతను, బళ్ళారిసీమలోని కుడితిని, కుప్పగల్లు మొదలగు తావులందును ప్రాచీనములైన బూడిదదిబ్బలున్నవి. కొన్ని నిలువెత్తును మించినవి. త్రవ్వినచో మెత్తని బూడిదయు, గాజువలె కరగి గడ్డకట్టిన చిట్టెమును బయల్పడును.

ఇవి రాక్షసులను దహించిన చోట్లని ముసలివారు చెప్పుచుందురు. హంపీ చెంత నింబాపురమునందలి దిబ్బ వాలి చితాభస్మమట! పండితులలోను కొందరు ఇవి ఘోరమైన దహనకాండలకు గురుతులని వ్రాసిరి. 1872లో బళ్ళారి కొండలయందు రాతిగొడ్డళ్ళను కనుగొనిన రాబర్ట్ బ్రూస్ ఫూటు అను భూగర్భశాస్త్రజ్ఞుడు మాత్రము, ఇది పశువుల పేడ కాలిన బూడిదయే యని నిశ్చయించెను. పేడ యనగానే కొందరికి నవ్వు వచ్చియుండును. మన రైతులకు మాత్రము రాదు.

1957లో ఆల్చిన్ అను పండితుడు పాలమూరుసీమలోని ఉట్నూరుదిబ్బను త్రవ్వించెను. అచ్చట దొడ్డికి నాటిన గుంజల గుంతలు వరుసగా కానవచ్చెను. అంతకంటె వింతయైనది, పశువుల గిట్టల జాడలు నేలలో నట్లే నిలిచియుండెను! నాలుగువేల యేండ్లకు పైబడిన జాడలవి. దొడ్డిలో పేడ పేరుకొనుట, దానిని తగులబెట్టుట, మరల దొడ్డి కట్టుట, ఇట్లు పొరమీద పొర పెరిగి దిబ్బయైనది. కన్నడసీమలో సంక్రాంతినాడు పశువులను మంట దాటించు ఆచారము నేటికిని గలదు. ఆ దొడ్డిమంటలును పండుగమంటలే కావచ్చునని ఆల్చిన్ తలంచెను. నాకును ఆ యూహ రుచించినది.

వారు పశువులనే కాక పంటలనుగూడ నెరుగుదురు. ఆ కాలపు నివాసములలో మాడిన గింజలను ఏరి పరీక్షింపగా ఉలవలు, పెసలు, అండుకొర్రలు తేలినవి. మన మెట్టచేలలో ఉలవ నిన్న మొన్నటిది కాదన్నమాట.

వ్రాత లేనివారి చరిత్రను మన్నే చెప్పవలెను. పసిఫిక్ సముద్రపు దీవులవారి కథయు నిట్టిదే. 1903 మొదలు 1916 వరకు మన తెలుగువా రనేకులు కూలి ఒడంబడికపై చెన్నపట్టణమున ఓడలెక్కి ఫిజీదీవులకు బోయిరి. ఆ దీవులను మొట్టమొదట మెట్టినవారు సుమారు 3000 ఏండ్ల క్రిందటివారు. 1952లో న్యూ కలెడోనియా దీవియందు లాపితా యను చోట త్రవ్వగా, పండ్లుగల పనిముట్టుతో చుక్కల నగిషీ అద్దిన కుండపెంకులు దొరికెను. అట్టి పెంకులే ఫిజీ, టోంగా, సమోవా దీవులలోను దొరకుటచే ఆ జనుల దారి తెలియవచ్చినది. దిక్సూచి లేదు, ఇనుము లేదు. రాతిపనిముట్లతో పడవలు చెక్కి, కోళ్ళను, పందులను, చేమదుంపలను వెంటగొని, కనుచూపుమేర గట్టు లేని సముద్రమున బోయిరి. మనవారు పశువులను తోలుకొని బయళ్ళు పట్టిరి. వారు అలలు పట్టిరి.

ఆ దీవులలో పెంకులు వెదకువారికి గల చిక్కే ఇచ్చటను గలదు. బూడిద పొలమునకు మేలని బండ్లతో తోలుకొనుటచే పెక్కు దిబ్బలు తరిగిపోయినవి. బండి నింపినవాని నేమందుము? వాని చేను వానికి ముఖ్యము. కాని దున్నునపుడు నున్నగా నూరిన నల్లరాతిగొడ్డలి దొరకినచో, అది ఏ చేనిలో, ఎంత లోతున దొరకినదో గురుతుంచుకొని, గ్రామోపాధ్యాయునిచేతనైనను వ్రాయించి యుంచుడని నా మనవి. చోటు తెలియని రాయి పరిశోధకునకు అంతగా పనికిరాదు.