కోరి పుట్టించిన కుక్కలు

ఉప్పల్ కూడలి నుండి హబ్సిగూడ మీదుగా నాచారమునకు పోవు దారి మాకు చిరకాలముగా పరిచితము. ఉప్పల్, నాచారము ఒకప్పుడు హైదరాబాదు నగరమునకు తూర్పున వేరుగా నుండిన గ్రామములు. కాలక్రమమున నాచారమున పారిశ్రామికవాడ వెలసినది. ఉప్పల్ పురపాలక సంఘమై, 2007లో మహానగరమున లీనమైనది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. పొలములు పోయి మేడలు లేచినవి. ఊరు మారినప్పుడు ఊరిలోని కుక్కయు మారును గదా! పూర్వము ఈ పల్లెలలో కుక్క యనగా వాకిట పండుకొని, ఇంటివారు వేసిన ముద్ద తిని, రాత్రివేళ మొరుగునది. నేడు అంతస్తుల యిండ్లలో పరుపులమీద పెరుగు కుక్కలు కనబడుచున్నవి.

ఇటీవల ఒక ఉదయమున నాచారము వీధిలో ఒక పెద్దమనిషి చిన్న కుక్కను వెంటబెట్టుకొని ఎదురైనారు. ఉంగరములు తిరిగిన తెల్లని బొచ్చు, గుండ్రని నల్లని కన్నులు. ఆటబొమ్మకు ప్రాణము వచ్చినట్లుండెను.

“ఇది ఏ జాతి కుక్కండీ?” అని అడిగితిమి.

“మాల్టీపూ అంటారండీ. మాల్టీసుకూ పూడిలుకూ పుట్టింది. బొచ్చు రాలదు. మా అమ్మాయికి ఉబ్బసం, అందుకని ఏరికోరి తెచ్చాము.”

“దీని తల్లిని చూచినారా?”

“లేదండీ. ఫోనులో బొమ్మ చూపించారు.”

“బొచ్చు రాలదని ఎవరు చెప్పినారు?”

“అమ్మినవారే చెప్పారండీ.”

ఆ మాట విన్నది మొదలు, ఈ కోరి పుట్టించిన కుక్కల చరిత్ర నొకమారు తిరుగవేయవలెనని మాకు తోచినది.

వీనికి డిజైనర్ కుక్కలని వాడుక. రెండు వేరువేరు శుద్ధజాతుల కుక్కలను జతపరచి, పుట్టిన పిల్లకు ఆ రెండు పేర్లను త్రుంచి అతికి క్రొత్త పేరు పెట్టుదురు. లాబ్రడారు, పూడిలు కలిసి లాబ్రడూడిల్. కాకర్ స్పానియల్, పూడిలు కలిసి కాకపూ. మాల్టీసు, పూడిలు కలిసి మాల్టీపూ. మన వ్యాకరణములలో ఏ సూత్రమునకును లొంగని సంధి యిది!

కుక్కలలో సంకరము క్రొత్త కాదు. వీధికుక్క యెల్ల సంకరమే. మనుష్యుడు తన పనికొరకు కుక్కలను ఎన్నుకొనుటయు ప్రాచీనమే. కల్యాణ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున రాజవినోదములలో వేటకుక్కల ప్రసక్తి కలదు. ఆయన రాజధాని కల్యాణము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు హైదరాబాదు రాజ్యములోనిదే. మన తెలంగాణము నాడు ఆయన యేలుబడిలోనే యుండెను. తరువాతి కాలమున దండు ప్రదేశములలోని ఆంగ్లేయ సైనికోద్యోగులు చేతికి దొరకిన కుక్కల నన్నింటిని చేర్చి గుంపుగట్టి వేటకు పోయెడివారు. ఆ గుంపునకు వారు బాబరీ ప్యాక్ అని పేరిడిరి. మన దేశమున జనులు వెరపుతో పలుకు ‘బాప్‌రే’ యను కేకనుండి ఆ పేరు పుట్టినదని, 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు వ్రాసినది. వారు కుక్కను పరుగునుబట్టి మెచ్చిరే గాని వంశమును అడుగలేదు.

వంశమును అడుగు ఆచారము ఇంగ్లండులో బలపడినది. 1859లో న్యూకాసిల్ నగరమున కుక్కల ప్రదర్శన జరిగినది. 1873లో లండనున కెన్నెల్ క్లబ్ ఏర్పడినది. అంతటినుండి ఒక్కొక్క జాతికి రూపలక్షణములు వ్రాయబడినవి. వంశావళి గ్రంథములు తెరువబడి, క్రమముగా బయటివానికి మూయబడినవి. పనికొరకు పెంచిన కుక్క చూపుకొరకు పెరుగనారంభించెను. మూసిన కొలనులో నీరు నిలిచిపోయినట్లు, కొలదిపాటి కుటుంబములలోనే సంతానము కలుగుటచే కొన్ని వ్యాధులు ఆయా జాతులలో స్థిరపడినవి. కావున రెండు జాతులను కలిపినచో బలము కలుగునను ఆశ నిరాధారమైనది కాదు. సంకర విత్తనపు బలము మన రైతులెరిగినదే. అయితే ఆ రైతే మరియొకటియు నెరుగును: సంకరపు పైరు గింజలను దాచి మరుసటి యేడు చల్లినచో చేనంతయు ఒకే తీరుగా పండదు. కుక్కలను కొనువారు ఈ రెండవ సంగతిని మరచుచున్నారు.

ఇక ఈ కుక్కలకు ప్రపంచఖ్యాతి తెచ్చిన వృత్తాంతమును చెప్పవలెను. ఆస్ట్రేలియాలో అంధులకు దారిచూపు కుక్కలను తయారుచేయు రాయల్ గైడ్ డాగ్స్ సంఘమున వాలీ కాన్రన్ అను నాతడు సంతానోత్పత్తి శాఖను చూచుచుండెను. హవాయి ద్వీపములనుండి ఒక అంధురాలు ఆ సంఘమునకు వ్రాసెను. ఆమెకు దారిచూపు కుక్క కావలెను. కాని ఆమె భర్తకు కుక్క బొచ్చు సరిపడదు. పూడిలు బొచ్చు అంతగా రాలదు గనుక కాన్రన్ ఆ జాతి కుక్కలను తెచ్చి శిక్షణ నిచ్చి చూచెను. మూడేండ్లలో ముప్పదిమూడు కుక్కలను పరీక్షించినను ఒక్కటియు ఆ పనికి కుదురలేదు. తుదకు 1989లో లాబ్రడారును పూడిలును జతపరచెను. మూడు పిల్లలు పుట్టినవి. వాని రోమములను, లాలాజలమును హవాయికి పంపగా, మూడింటిలో ఒక్కటి మాత్రమే ఆ భర్తకు సరిపడినది. దాని పేరు సుల్తాన్. అది హవాయికి పోయి ఆ యిల్లాలికి దారి చూపినది.

ఆ పిల్లలను శిక్షణకై ముందుగా ఇంటింట పెంచవలసియుండెను. శుద్ధజాతి పిల్లలకై జనులు నెలల తరబడి కాచుకొనియుండిరి. సంకరపు పిల్లను తీసికొనుటకు ఒక్కరును రాలేదు. అప్పుడు కాన్రనుకు ఒక ఉపాయము తోచినది. ఇది లాబ్రడూడిల్ అను క్రొత్తజాతి యని పత్రికలవారికి చెప్పించెను. వెంటనే టెలిఫోను మ్రోగుట మానలేదు! కుక్క అదే; నిన్న ఎవరికిని అక్కరలేనిది నేడు అందరికిని కావలసివచ్చెను. మారినది పేరు మాత్రమే. తరువాతి ఈతలో పది పిల్లలు పుట్టగా, మూడు మాత్రమే అలెర్జీ కలిగింపనివిగా తేలినవి. కాని అప్పటికే పేరు ఊరూర వ్యాపించినది. పరీక్ష లేదు, ఎంపిక లేదు. ఎవరికి తోచిన కుక్కలను వారు కలిపి అమ్మజొచ్చిరి. ముప్పది యేండ్ల తరువాత, 2019లో, కాన్రన్ ఆస్ట్రేలియా ప్రసారసంస్థతో మాటాడుచు, ఈ కార్యము తన జీవితమున మిగిలిన పెద్ద విచారమని ఒప్పుకొనెను.

పదింటిలో మూడే ఏల సరిపడవలెను? 1866లో మెండెల్ బఠానీ మొక్కలను గూర్చి ప్రకటించిన సూత్రములలోనే దీనికి మూలము కలదు. తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు బిడ్డకు సంక్రమించును. ఏ పాలు ఎవరికి వచ్చునో ముందుగా చెప్పలేము. 2009లో ఎనుబది జాతులకు చెందిన వేయికి పైగా కుక్కలను పరిశోధించిన శాస్త్రజ్ఞులు, కుక్క బొచ్చులోని వైవిధ్యమునకు చాలవరకు మూడు జన్యువులే కారణమని కనుగొనిరి. ఒకటి పొడవును, ఒకటి ఉంగరములను, ఒకటి మూతిమీది మీసములను, గుబురు కనుబొమలను నిర్ణయించును. ఈ మూడును ఏ తీరున కలియునో ఆ తీరుననే పిల్ల రూపొందును. ఒకే ఈతలో ఒకటి తల్లివలె బొచ్చు రాల్చును, ఒకటి తండ్రివలె ఉంగరములు పెంచును. మాల్టీపూ, లాబ్రడూడిల్ అను పేరు తల్లిదండ్రులెవరో చెప్పునే గాని పిల్ల యెట్లుండునో చెప్పదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. కుక్కవలన వచ్చు ఆయాసమునకు, తుమ్ములకు బొచ్చు అసలు కారణము కాదు. కుక్క లాలాజలములోను, చర్మమునుండి రాలు పొట్టులోను ఉండు మాంసకృత్తులే కారణము. బొచ్చు రాలని కుక్కకును నాలుక కలదు, చర్మము కలదు. 2011లో అమెరికాలో 173 ఇండ్లలోని ధూళిని పరీక్షించి చూడగా, అలెర్జీ కలిగింపవని పేరుపడిన కుక్కలున్న యిండ్లకును, ఇతర కుక్కలున్న యిండ్లకును ఈ విషయమున భేదము కనబడలేదు.

ఆరోగ్యమును గూర్చిన మాటయు నిట్టిదే. లండనులోని రాయల్ వెటర్నరీ కళాశాలవారు 2024లో కాకపూ, లాబ్రడూడిల్, కావపూ అను మూడు సంకరములను వాని మాతృజాతులతో పోల్చి చూచిరి. 9,402 కుక్కలు; 57 వ్యాధులు. నూటికి 86కు పైగా పోలికలలో భేదమే లేదు. మిగిలినవానిలో కొన్నింట సంకరములకు వ్యాధి హెచ్చు, కొన్నింట తక్కువ. అనగా సంకరము శాపమును కాదు, వరమును కాదు. క్రమముగా చూపును హరించు ఒక నేత్రవ్యాధికి మూలమైన జన్యుదోషము లాబ్రడారులలోను కలదు, పూడిళ్లలోను కలదు. అది ఇద్దరినుండియు సంక్రమించినచో, అంధులకు దారిచూపుటకై ఆరంభమైన వంశములోనే అంధత్వము పుట్టవచ్చును. పరీక్షచేసి జతపరచినచో దానిని నివారింపవచ్చును. పరీక్షకు వ్యయమగును, పేరు పెట్టుటకు వ్యయము లేదు.

మన నగరములకు ఇట్టి మోజులు క్రొత్తవి కావు. గత శతాబ్దపు చివరి దశకములలో పొమేరియన్ అని ముద్దుగా పెంచిన తెల్లకుక్కలలో చాలభాగము ఇండియన్ స్పిట్జ్ జాతివే. 2003లో ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలో బాలుని వెంట నడచిన పగ్ కుక్కను చూచి దేశమంతట ఆ జాతికి గిరాకి పెరిగినది. చప్పిడిముక్కు గల ఆ ప్రాణి మన వేసవిలో ఊపిరికై పడు పాట్లు తరువాత తెలిసినవి. ఇప్పుడు ఉంగరపు బొచ్చు వంతు వచ్చినది. ఆ బొచ్చును తరచుగా దువ్వి కత్తిరింపనిచో అట్టలుగట్టి చర్మమును లాగును. మే నెలలో హైదరాబాదు ఎండ నలుబది డిగ్రీలు దాటునప్పుడు, పలుకలేని ఆ జీవి తన బాధ నెవరితో చెప్పుకొనగలదు?

ఇందులో మాకు వింతగా తోచునది మరియొకటి కలదు. వంశపారంపర్య శాస్త్రమునకు మన దేశమున ప్రసిద్ధమైన స్థానములలో ఈ ఉప్పల్ దారి యొకటి. 1977లో ఆరంభమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు 1987 నుండి ఈ దారిమీదనే భవనములు కలవు. 1996లో ఏర్పడిన డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రము కొన్నియేండ్లు నాచారమున పనిచేసి, నేడు ఉప్పల్‌లో నున్నది. ఆ కేంద్రమువారు బాసుమతి బియ్యములో ఇతర రకము కలిసినదా లేదా యని డి.ఎన్.ఏ.తో తేల్చు పద్ధతిని సిద్ధపరచిరి. బియ్యపు గింజకు సహితము వంశపరీక్ష జరుగు ఈ ప్రాంతముననే, పది పదునైదేండ్లు ఇంటిలో మెలగవలసిన ప్రాణిని ఫోనులోని బొమ్మ చూచి కొనుచున్నారు!

చట్టము లేకపోలేదు. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారము కుక్కలను పుట్టించి అమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. కాని కొనువాడు అడుగనిచో చట్టము కాగితముమీదనే నిలుచును.

తెలుగువారికి కుక్కను గూర్చిన నీతి క్రొత్తగా నేర్పవలసిన పనిలేదు. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు రాజమహేంద్రవరమున ఆరంభించిన భారతమున, ఆదిలోనే సరమ యను దేవశునకము కథ కలదు. జనమేజయుని తమ్ములు యజ్ఞభూమిలో ఆడుకొనుచున్న ఆమె బిడ్డను నిష్కారణముగా కొట్టిరి. సరమ రాజునొద్దకు వచ్చి, యుక్తాయుక్తములు విచారింపక నోరులేనివానికి కీడు చేసినచో ఆపద తప్పదని హెచ్చరించి పోయెను. ఆ హెచ్చరికను కొట్టినవారికే గాక, విచారింపక పుట్టించినవారికిని, విచారింపక కొన్నవారికిని అన్వయింపవచ్చునని మా యభిప్రాయము.

కుక్కను పెంచవలెనను కోరిక మంచిదే. కొనువారు తల్లిని కన్నులార చూడవలెను; తల్లిదండ్రుల నేత్రపరీక్ష, తుంటికీళ్ల పరీక్ష పత్రములు అడుగవలెను; ఇంటిలో ఉబ్బసపు రోగులున్నచో వైద్యునడిగి, ఆ కుక్కతోనే కొన్ని గంటలు గడిపి చూడవలెను. మన వాతావరణమునకు తగిన దేశవాళి జాతులను గూర్చియు ఆలోచింపవలెను. కొల్లేటి ప్రాంతమున బాతులమందలను కాచు పొట్టిబొచ్చు జొనంగి మన తెలుగుసీమదే. ముధోలు వేటకుక్క దక్కనుదే. 2020 ఆగస్టు 30వ తేదీ రేడియో ప్రసంగమున ప్రధానమంత్రి ముధోలు మున్నగు దేశీయజాతులను పేర్కొని, వానిని పెంపుడని ప్రజలను కోరిరి. ఏ జాతియు అక్కరలేదనువారికి వీధిలో పుట్టిన పిల్లలు కలవు.

నాచారపు పెద్దమనిషి మరల కనబడినారు. అమ్మాయికి ఎట్లున్నదని అడిగితిమి.

“ఆయాసం తగ్గలేదండీ. డాక్టరుగారు కుక్కను పడకగదిలోకి రానీయవద్దన్నారు. దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమని చుట్టాలంటున్నారు. అమ్మాయి ఒప్పుకోవడం లేదు. ఇప్పుడిది వరండాలో పడుకుంటోంది.”

ఆ కుక్క మా మాటలు వినుచు, తోక యాడించుచు ఆయన పాదముల చెంత కూర్చుండెను. దానికి తన పేరు మాల్టీపూ యని తెలియదు. బొచ్చు రాలదని అది ఎవరికిని మాట యీయలేదు. ఇచ్చినవారు వేరు, తీర్చవలసిన భారము మాత్రము దానిమీదను, ఆ బాలికమీదను పడినది.