రా ఫైలు నుంచి జేపెగ్‌కు: చీర ఫొటోలో పోయేదేమిటి?

సూరత్ వ్యాపారి పంపిన ఫొటో చూసి వరంగల్‌లోనో విజయవాడలోనో దుకాణదారు చీరలు తెప్పించుకుంటారు. సరకు వచ్చాక అంచు రంగు ఫొటోలో ఉన్నట్లు లేదంటే పేచీ తప్పదు. తప్పు అద్దకానిదే కానక్కర్లేదు. ఫొటోను కుదించిన తీరుది కూడా కావచ్చు.

కెమెరా సెన్సార్‌లో సాధారణంగా ఒక్కో బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే కొలుస్తుంది. ఆ కొలతల నిల్వే రా ఫైలు. 2.4 కోట్ల బిందువులను 14 బిట్ల చొప్పున కుదించకుండా దాచితే 42 మెగాబైట్లు. దాన్ని చిత్రంగా మార్చేటప్పుడు తక్కిన రెండు రంగులను సాఫ్ట్‌వేర్ అంచనా కట్టి చేరుస్తుంది. అందువల్ల 8 బిట్లకు తగ్గించినా పరిమాణం 72 మెగాబైట్లకు పెరుగుతుంది.

తెలుగులో ‘కుదింపు’ అనే ఒక్క మాట రెండు వేర్వేరు పనులను కప్పేస్తోంది. జిప్ ఫైలును విప్పితే సమాచారం పూర్తిగా తిరిగి వస్తుంది. 1992లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్‌లో అలా రాదు. అది చిత్రాన్ని ఎనిమిదేసి బిందువుల చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరంలోని మార్పులను నిదానమైనవి, వేగమైనవి అని వేరుచేస్తుంది. ఇందుకు వాడే కొసైన్ పరివర్తనను 1974లో నాసిర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావు ప్రచురించారు. (రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహన్ రావు.) ఆ తర్వాత కంటికి అంతగా ఆనని వేగమైన మార్పుల విలువలను గట్టిగా గుండుగుత్త చేస్తుంది. నష్టం అక్కడే.

జరీ చీరకు ఇదే చిక్కు. సన్నని జరీ గీతలన్నీ వేగమైన మార్పులే. పైగా చాలా సాఫ్ట్‌వేర్లు వెలుగు వివరాన్ని ఉంచి, రంగు వివరాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తాయి. మనిషి ముఖానికి అది తెలియదు గానీ, ఆకుపచ్చ చీరపై ఎర్రని అంచు పక్కకు పాకినట్లు కనిపిస్తుంది. ‘4:2:0’కు బదులు ‘4:4:4’ ఎంచుకుంటే ఫైలు కొంత పెరిగినా అంచు నిలుస్తుంది.

నాణ్యతను తగ్గించడానికి ముందు కొలతలు తగ్గించడం మేలు. 6000 బిందువుల వెడల్పును 2000కు తెస్తే మొత్తం బిందువులు తొమ్మిదో వంతవుతాయి. అప్పుడు నాణ్యతను 85 దగ్గర ఉంచినా ఫైలు చిన్నదే. రంగుల ప్రమాణం ఎస్‌ఆర్‌జీబీగా ఉండాలి. దిద్దుబాట్లన్నీ రా ఫైలు మీదే చేసి, జేపెగ్‌ను చివర ఒక్కసారే తీయాలి. సందేశాల యాప్‌లు ఫొటోను మళ్లీ కుదిస్తాయి కనుక, దాన్ని డాక్యుమెంట్‌గా పంపడం మంచిది.