తపతి లోయలో జీవావరణ అనుసంధానం

అడవి ఎన్ని చదరపు కిలోమీటర్లు ఉందన్న లెక్కతోనే పని అయిపోదు. ఒక అడవి నుంచి మరో అడవికి దారి ఉందా అన్నదీ చూడాలి. జంతువులు, చేపలు, విత్తనాలు, నీరు, ఒండ్రు అడ్డంకి లేకుండా కదలగలగడాన్ని జీవావరణ అనుసంధానం అంటారు. 2020 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని గాంధీనగర్‌లో జరిగిన వలస జాతుల ఒడంబడిక 13వ సమావేశం దీన్ని పరిరక్షణలో కీలకాంశంగా ప్రకటించింది. ఆ మాటకు అర్థం ఏమిటో అదే రాష్ట్రంలోని సూరత్ పరిసరాల్లో బాగా తెలుస్తుంది.

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టిన తపతి (స్థానికంగా తాపీ) 724 కిలోమీటర్లు ప్రవహించి సూరత్ దాటాక సముద్రంలో కలుస్తుంది. నదికి ఉత్తరాన రాజ్‌పీప్లా కొండలు సాత్పురా శ్రేణికి పడమటి కొస. దక్షిణాన డాంగ్ అడవులు సహ్యాద్రికి ఉత్తరపు కొస. అటు శూల్పాణేశ్వర్ అభయారణ్యం, ఇటు 1990లో ఏర్పడిన పూర్ణా అభయారణ్యం. నడుమ ఉన్న లోయలోనే ఉకాయి జలాశయం, కాలువలు, సూరత్–జల్గావ్ రైలు మార్గం, 53వ జాతీయ రహదారి వచ్చాయి. రెండు పర్వత శ్రేణుల వన్యప్రాణులు కలుసుకోవాలంటే వీటన్నిటినీ దాటాలి.

ఈ లోయలో చిరుతపులికి దారి ఇస్తున్నది చాలాచోట్ల అడవి కాదు, చెరకు తోట. 1954లో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయి డ్యామ్ పూర్తయ్యాక కాలువ నీరు అంది మాండ్వీ, మహువా, సత్యాగ్రహంతో పేరుపొందిన బార్డోలీ తాలూకాల్లో చెరకు విస్తరించింది. దట్టమైన చేను, కాలువ నీరు, అడవిపందులు, ఊరకుక్కలు ఉన్నచోట చిరుత స్థిరపడిపోతుంది, పిల్లల్నీ అక్కడే పెడుతుంది. చెరకు నరికే కాలంలో కూలీలకు కూనలు కనబడటం ఈ ప్రాంతంలో మామూలే. అటవీ సిబ్బంది వాటిని దొరికిన చోటే బుట్టలో గానీ పెట్టెలో గానీ ఉంచి, కెమెరా అమర్చి, దూరంగా తప్పుకుంటారు. రాత్రి తల్లి వచ్చి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని పోతుంది. గుజరాత్‌లో 2016లో 1,395గా లెక్కతేలిన చిరుతలు 2023 నాటికి 2,274 అయ్యాయి. అయితే చెరకు నరికాక ఆ నీడ ఒక్కసారిగా పోతుంది. పశువుల మీద, ఒక్కోసారి మనుషుల మీద దాడుల భారం ఎక్కువగా ఈ చేల పక్క ఊళ్ల ఆదివాసీలే మోస్తున్నారు. చిరుతల సంఖ్య పెరగడాన్ని ఈ నష్టంతో కలిపి చూడకపోతే అన్యాయం.

లోయకు దక్షిణాన ఉన్న వాన్స్‌దా జాతీయ ఉద్యానం సుమారు 24 చదరపు కిలోమీటర్లే. చిన్నగా, ఒంటరిగా ఉన్న దీవిలో తక్కువ జాతులే నిలుస్తాయని 1967లో జీవావరణ శాస్త్రవేత్తలు మెకార్థర్, విల్సన్ చెప్పిన సూత్రం ఇలాంటి అడవి ముక్కలకూ వర్తిస్తుంది. అయినా దశాబ్దాల తర్వాత 2020లో ఇక్కడి కెమెరాలకు రేసుకుక్కలు చిక్కాయి. తూర్పున డాంగ్ అడవులు ఆనుకుని ఉండటమే అందుకు కారణమై ఉండాలి.

అందువల్ల ఈ ప్రాంతంలో భూ పునరుద్ధరణకు మొక్కల సంఖ్య కంటే వాటిని నాటే చోటు ముఖ్యం. వ్యారా, సోన్‌గఢ్, మాండ్వీల మధ్య వాగుల ఒడ్లు, బీడు గుట్టలు, చౌధరి, గామిత్ ఆదివాసీ రైతుల పొలం గట్లు తిరిగి చెట్లతో నిండితే తెగిన దారి అతుక్కుంటుంది. ఇప్ప, వెదురు లాంటివైతే రైతుకూ పనికొస్తాయి. ఒకే జాతి నీలగిరి తోట పచ్చగా కనిపిస్తుందే గాని, జంతువుకు తిండి పెట్టదు.

నది సంగతి వేరు. సముద్రం నుంచి ఎదురెక్కే విలస చేపకు గోదావరిలో 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట ఎలా అడ్డమైందో, తపతిలో కాక్రాపార్, ఉకాయి అలా అడ్డమయ్యాయి. 1995లో సూరత్ నగరంలోనే సింగన్‌పోర్ ఆనకట్ట కట్టారు. ఉప్పునీటిని ఆపి తాగునీరు నిలిపిన ఆ కట్టే నదిని, సముద్రపు పోటునీటిని విడదీసింది. వానాకాలం పోతే దిగువకు మంచినీరు, ఒండ్రు సరిగా అందవు. డుమస్, హజీరా తీరాల మడచెట్లకు అవి రెండూ కావాలి. పోటునీరు వచ్చిపోయే పాయలు పూడిపోయిన చోట ఎన్ని మడమొక్కలు నాటినా బతకవు. ముందు పాయ తెరవాలి.

నగరం లోపల నీటికి, జీవులకు దారి ఇచ్చే పని ఖాడీలు, అంటే వాననీటిని మోసే వాగులు, చేస్తాయి. మీఠీ ఖాడీ లింబాయత్ ప్రాంతం మీదుగా పోతుంది. తెలంగాణ నుంచి వచ్చి పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలు అక్కడ ఎక్కువ. ఉకాయి నీటి విడుదలతో 2006 ఆగస్టులో తపతి నగరాన్ని ముంచడం దేశమంతా విన్నదే. తపతి పొంగకపోయినా, గట్టి వాన పడితే ఖాడీ ఎగదన్ని లింబాయత్ వీధుల్లోకి వస్తుంది. ఆక్రమణలతో ఇరుకైన ఖాడీ ఒడ్లను వెడల్పు చేసి, చెత్త తీసి, గడ్డి, చెట్లు పెరగనిస్తే వరదనీరు నిలవడానికి చోటుంటుంది, కొంగలకు, చేపలకు సముద్రం దాకా దారీ ఉంటుంది.